ఈ నాలుగు నెలల కలగూరగంప: ఏది దేని తర్వాత చదివారు?

మడతపేజీ

నాలుగు నెలల్లో తొమ్మిది పుస్తకాలు అయ్యాయి. నాలుగు నవలలు, ఒక డైరీ, ఒక ఆత్మకథ, అగ్నిపర్వతాల మీద ఒకటి, ఏ అరలో సర్దాలో తెలియనివి రెండు. వరసా వావీ లేదు. చేతికి ఏది తగిలితే అది. మా ఇంట్లో దీన్ని గడ్డీ గాదం మేయడం అంటారు.

ఈసారి మాత్రం ఒక తమాషా జరిగింది. అగ్నిపర్వతాల పుస్తకంలో తంబోరా గురించి చదివాను. 1815 ఏప్రిల్‌లో ఇండొనేషియాలో బద్దలైంది. పైకి లేచిన గంధకపు పొర ఎండకి అడ్డం పడి, మర్నాటి ఏడు యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ వేసవి సరిగ్గా రానేలేదు. పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. 1816కి 'వేసవి లేని ఏడాది' అనే పేరే ఉంది. సరే, ఇదో విశేషం అనుకుని ఆ పుస్తకం మూసేసి, మర్నాడు మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' తీశాను. నా దగ్గరున్నది 1831 కూర్పు. దానికి ఆవిడ రాసుకున్న ముందుమాటలోనే జినీవా సరస్సు దగ్గర ముసురు! అదే 1816. వానకి గడప దాటలేక అందరూ దెయ్యం కథలు చదువుకుంటూ కూర్చోవడం, తలా ఒకటి రాద్దామని కవి బైరన్ అనడం, పద్దెనిమిదేళ్ల మేరీకి ఈ కథ తట్టడం, అన్నీ ఆ ముసురులోనే. నేను నిన్న చదివిన బూడిద ఇవాళ వానై కురుస్తోందన్నమాట. పాపం ఆవిడకి తంబోరా సంగతి తెలియదు. నాకు తెలుసు, అదీ ఒక్క రోజు ముందే. ఒళ్లు జలదరించింది.

ఈ రెండూ అటుదిటుగా చదివి ఉంటే ఈ జలదరింపు ఉండేది కాదు. అందుకే అడుగుతున్నాను. ఒక పుస్తకం వల్ల తర్వాతి పుస్తకం మారిపోవడం మీకెవరికైనా జరిగిందా? ఉత్త జాబితాలు వద్దు. ఏది దేని తర్వాత చదివారో, ఏమైందో చెప్పండి.

చెదపురుగు

మీ జలదరింపు నిజమే కావచ్చు గానీ అది కాకతాళీయం అండీ. రోజుకో రకం చదివితే ఎప్పుడో ఒకప్పుడు రెండు అతక్క మానవు. అతకనివి మనకి గుర్తుండవు.

నాది వేరే దారి. ఒక రచయితని పట్టుకుంటే చివరి కథ దాకా వదలను. ఈ నాలుగు నెలలూ కోనన్ డాయిల్ రాసిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథలు. నాలుగు నవలలు, 56 కథలు, అచ్చయిన వరసలో. అలా చదివితేనే కొన్ని దొరుకుతాయి. హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌కి యుద్ధంలో తూటా తగిలింది కదా. 1887 నాటి మొదటి నవలలో అది భుజానికి. 1890లో వచ్చిన రెండో నవలకి వచ్చేసరికి కాలికి! మధ్యలో మూడేళ్లు గడిచాయి కాబట్టి రాసినాయన మర్చిపోయాడేమో. నేను మూడు రోజుల తేడాలో చదివాను కాబట్టి వెనక్కి వెళ్లి చూసుకున్నాను. కలగూరగంపలో ఇలాంటివి దొరకవు.

వెనకబెంచీ

చెదపురుగు గారూ, 60 ముక్కలు తిని చివరికి తేల్చింది తూటా ఎక్కడ తగిలిందనా :)

నా వంతు. ముందు ప్రైమో లేవీ 'ది పీరియాడిక్ టేబుల్', వెంటనే అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవలలు రెండు. కావాలని చేసింది కాదు. లేవీ బరువు దించుకోవడానికి ఏదైనా తేలిగ్గా ఉండేది చదువుదామనుకున్నాను.

లేవీ చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆయన ఇటలీ యూదుడు, వృత్తిరీత్యా కెమిస్టు, నాజీల చావు క్యాంపు ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. 1975లో వచ్చిన ఈ పుస్తకంలో 21 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక్కో మూలకం పేరు. ఆర్గాన్‌తో మొదలై కార్బన్‌తో ముగుస్తుంది. సీరియం అధ్యాయంలో ఆయనా స్నేహితుడూ క్యాంపు ప్రయోగశాల నుంచి చిన్న సీరియం కడ్డీలు దొంగిలించి, రాత్రుళ్లు దుప్పటి కింద వాటిని అరగదీసి, సిగరెట్ లైటర్ల నిప్పురాళ్లుగా అమ్ముతారు. ఒక్కో రాయి ఒక్క రోజు రొట్టె. అంటే ఒక్క రోజు ప్రాణం. నాకు స్కూల్లో ఆవర్తన పట్టిక అంటే గోడకి వేలాడే అట్ట. ఇక్కడ అందులో ఒక గడి మనిషి ఆకలి తీరుస్తోంది.

ఆ చేత్తోనే క్రిస్టీ తీసేసరికి విషాలు విషాల్లా లేవు. ఆర్సెనిక్ అనగానే లేవీ దగ్గరికి పొట్లం పట్టుకుని వచ్చిన ముసలి చెప్పులు కుట్టేవాడు గుర్తొచ్చాడు. ఆ పంచదారలో ఏదో ఉందని ముసలాయనకి అనుమానం. ఉన్నది ఆర్సెనిక్. క్రిస్టీ అయితే దాంతో హత్య చేయించేది. లేవీ కథలో ముసలాయన అది పంపినవాడి మీద కేసు కూడా పెట్టడు, వెళ్లి నాలుగు మాటలు చెప్పొస్తానంటాడు. క్రిస్టీ నవలల్లో విషం ఎవరు పెట్టారన్నదే ప్రశ్న. నాకు మాత్రం ఈసారి, పెట్టినవాడు ఆ తర్వాత ఎలా బతికాడన్నది పట్టుకుంది. సరదా పుస్తకం కాస్తా సరదాగా లేకుండా పోయింది.

కళ్లజోడు

వెనకబెంచీ బాబూ, మందుల పనిలో ముప్పై ఏళ్లున్నవాణ్ణి, ఇక్కడ నోరు కట్టుకోలేను.

క్రిస్టీకి విషాలు పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, దానికి పరీక్ష కూడా పాసైంది. తన డిటెక్టివ్ పొయిరో మొదటి నవల ఆ రోజుల్లోనే రాసింది. అది 1920లో అచ్చయితే, మందుల వాళ్ల పత్రిక ఒకటి విషం విషయం సరిగ్గా రాసిందని మెచ్చుకుంది. సాహిత్య విమర్శకులు ఏమన్నారో గానీ ఆ మెప్పు ఆవిడకి ప్రాణమట. నాకు ఆ ముక్క బాగా అర్థమవుతుంది.

ఆ నవలలో స్ట్రిక్నిన్ అనే విషం ఉన్న మందు సీసాలో జరిగే సంగతి

వెనకబెంచీ

సార్ సార్ ఆగండి! నేను చదివిన రెండింటిలో అది లేదు. చెప్పేయకండి.

కళ్లజోడు

సరే ఆపేశాను. సీసా మీద 'బాగా కుదిపి వాడండి' అని ఎందుకు రాస్తారో అది చదివాక మర్చిపోరు, అంతవరకే.

దీనికి బదులు ఇంకొకటి చెప్తాను, ఇది కథ కాదు. క్రిస్టీ 1961 నవల 'ది పేల్ హార్స్'లో థాలియం అనే విషం వస్తుంది. ఒంట్లోకి వెళ్తే జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంది, మిగతా లక్షణాలు ఏ జబ్బువో పోల్చుకోవడం కష్టం. 1977లో ఖతార్ నుంచి ఏడాదిన్నర పాపని లండన్ ఆసుపత్రికి తెచ్చారు. డాక్టర్లకి అంతు చిక్కలేదు. పాపని చూసుకుంటున్న నర్సు అప్పుడు చదువుతున్నది ఈ నవలే. జుట్టు రాలడం చూసి, ఇది థాలియమేమో చూడండి అంది. పరీక్ష చేస్తే అదే. పాప కోలుకుంది.

చెదపురుగు గారు దీన్ని కూడా కాకతాళీయం అంటారేమో. అనండి. అయితే ఆ నర్సు చేతిలో ఆ వారం ఆ పుస్తకమే ఉండటం మాటేమిటి?

చెదపురుగు

అంటాను! కాకతాళీయం అంటే జరగలేదని కాదు కదండీ. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు మాత్రం నిజమే.

కానీ ఒప్పుకోవలసినది ఒకటుంది. థాలియం అన్న పేరు చూసి నిఘంటువు తీశాను. గ్రీకులో 'థాల్లోస్' అంటే లేత చిగురు. కాల్చితే వెలుగులో పచ్చటి గీత కనిపిస్తుందని 1861లో దాన్ని కనిపెట్టిన క్రూక్స్ ఆ పేరు పెట్టాడు. జుట్టు రాల్చే విషానికి చిగురు పేరు. ఇక నిద్రపోయినట్టే.

నీలిసిరా

ఆలస్యంగా వస్తున్నాను. నావి రెండు డైరీలు, ఒకటి నిజం, ఒకటి కల్పన.

ఉప్పల లక్ష్మణరావు 'అతడు–ఆమె' మొదట చదివాను. భార్యదీ భర్తదీ డైరీలుగా నడిచే నవల. ఒకే ఇంట్లో ఇద్దరూ వేర్వేరు కాపురాలు చేస్తున్నట్టుంటుంది. అది అవగానే నాజీలకి భయపడి దాక్కున్న యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీ మళ్లీ తీశాను. చిన్నప్పుడు చదివినప్పుడు 'ఇది నిజం, అందుకే గొప్పది' అనుకున్నాను. నవల ముగించి వెంటనే చదవడం వల్ల కాబోలు, ఈసారి రాత పట్టుకుంది. వెనక ఉన్న వివరాలు చూశాను. 1944 మార్చి 28న, యుద్ధమయ్యాక జనం డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామని డచ్చి మంత్రి రేడియోలో అన్నాడు. ఆ అమ్మాయి అది విని, తన డైరీని పుస్తకం చేద్దామని మొదటి నుంచీ విడి కాగితాల మీద తిరగరాయడం మొదలెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని చేర్చింది, మనుషులకి మారుపేర్లు రాసి పెట్టుకుంది. ఆగస్టు 4న పట్టుబడేదాకా అదే పని. మనం 'ఉన్నదున్నట్టు రాసిన పిల్ల' అనుకుంటాం. పదిహేనేళ్లకి ఆమె ఎడిటరు.

దీనివల్ల నిజం తగ్గిందా అంటే నాకు తగ్గలేదు. పెరిగింది. దాక్కున్న ఇంట్లో, రేపటి మీద నమ్మకం లేనిచోట కూర్చుని వాక్యం బాగుచేసుకోవడం అంటే!

చెదపురుగు

నాకు తగ్గింది. డైరీ అని చెప్పి దిద్దితే అది డైరీ కాదు, జ్ఞాపకాల పుస్తకం. తప్పు అనడం లేదు, పేరు వేరు అంటున్నాను. మీ అందరికీ అన్నీ కలిపేయడం ఇష్టం. నేను నవలని నవలగా చదువుతాను, చరిత్రని చరిత్రగా.

వెనకబెంచీ

అయితే లేవీ మీకు గుదిబండే. ఆయన 21 అధ్యాయాల్లో సీసం, పాదరసం అన్న రెండూ ఉత్త కల్పిత కథలు, కుర్రతనంలో రాసుకున్నవి. పుస్తకంలో వాటి అక్షరాలు కూడా వేరుగా, వాలుగా అచ్చేశారు. మిగతాదాంట్లో చాలావరకు ఆయన జీవితమే. వనేడియం అధ్యాయం చూడండి. యుద్ధం అయిన చాలా ఏళ్లకి, రంగుల కంపెనీలో పనిచేస్తూ జర్మన్ సరఫరాదారుతో ఉత్తరాలు నడుపుతుంటాడు. అవతలి మనిషి ఒక రసాయనం పేరులో ప్రతిసారీ ఒకే అక్షరం తప్పు రాస్తాడు. ఆ తప్పు లేవీ ముందు విన్నాడు. ఎక్కడ? ఆష్‌విట్జ్ ప్రయోగశాలలో, తన పై అధికారి నోట! అదే మనిషి.

ఇది నవలలో వస్తే నేనే నవ్వేసేవాణ్ణి, 'మరీ సినిమా' అని. సీసం కథ మాత్రం నిజమని నమ్మేశాను. ఎటుపోయి ఎటొచ్చినా తప్పు నాదే.

పిల్లకాలువ

కొత్త సభ్యురాలిని, నమస్కారం. మీ అంత పెద్దవి కాదు. నండూరి రామ్మోహనరావు గారి తెలుగులో 'టామ్ సాయర్' చదివి, వెంటనే ఆయనదే 'విశ్వరూపం' చదివాను. ఒకటి అల్లరి పిల్లాడి కథ, ఒకటి నక్షత్రాల గురించి. కానీ గొంతు ఒకటే అనిపించింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్తున్నట్టు. ఎటు చూసినా సైన్సు పుస్తకాలంటే పడని నేను అది మూడు రోజుల్లో చదివేశాను. ఇది కూడా లెక్కలోకి వస్తుందా?

మడతపేజీ

పిల్లకాలువ గారూ, రాకపోవడమేంటండీ! చెదపురుగు గారి పద్ధతికి కూడా సరిపోయింది, ఒకే రచయిత కదా. పనిలో పనిగా ఆయన 'నరావతారం' కూడా తీసుకోండి, అది మనిషి పుట్టుక కథ.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న రాత్రి 'ఫ్రాంకెన్‌స్టైన్' పూర్తయింది. మధ్యలో ఒకచోట ఆగిపోయాను. కథలో ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణం పోసిన వికృతజీవి (ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది దాన్ని చేసినవాడి పేరు, దానికి పేరే పెట్టడు, దరిద్రుడు) గోడ వెనక దాక్కుని ఒక కుటుంబం మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. ఒకరోజు అడవిలో తోలుపెట్టె దొరుకుతుంది. లోపల బట్టలతో పాటు మూడు పుస్తకాలు. ప్లూటార్క్ రాసిన మహాపురుషుల జీవితాలు, గెటే ప్రేమ నవల 'వెర్థర్', దేవుడు, ఆదాము, సైతానుల కథ చెప్పే మిల్టన్ కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్'. చరిత్ర, నవల, కావ్యం! ఎవరి పెట్టో తెలియదు, ఏది ముందు చదవాలో చెప్పేవాళ్లు లేరు. ప్రపంచం గురించి దానికి తెలిసిందంతా ఆ మూడింటి నుంచే. వెర్థర్ చదివి ఏడుస్తుంది. ప్లూటార్క్ చదివి మనుషులు ఇంత గొప్పవాళ్లా అనుకుంటుంది. మిల్టన్‌ని జరిగిన చరిత్ర అనుకుని చదువుతుంది. చెదపురుగు గారూ, కోప్పడకండి, దానికి అరలు తెలియవు. మొదట తనని ఆదాముతో పోల్చుకుంటుంది. తర్వాత, కాదు, నేను సైతానుని అనుకుంటుంది. తనని చేసినవాడు తనని చూసి పారిపోయాడు మరి.

ఆ పెట్టెలో ఆ మూడు కాక వేరే మూడు ఉంటే కథ ఎటుపోయేదో! రాత్రి రెండింటి దాకా ఇదే ఆలోచన.

చెదపురుగు

కోపం లేదు. కానీ గమనించారా, మీ కలగూరగంప చదివిన జీవి చివరికి హత్యలు చేసింది.

(నవ్వులాటకే అండోయ్.)

నీలిసిరా

ఆ పెట్టె పోగొట్టుకున్నవాడి మాట ఎవరూ అనరేం. నా పుస్తకాలు పోతే నేను అడవంతా వెతికేదాన్ని.

కళ్లజోడు

మిల్టన్ పేరు ఎత్తారు కాబట్టి ఇక నేను ఊరుకోను. నా నాలుగు నెలల్లో పెద్ద ముద్ద డార్విన్ ఆత్మకథ. ముసలితనంలో, 1876లో, ఇంట్లోవాళ్ల కోసం రాసుకున్నాడు. ఆయన పోయాక కొడుకు కొన్ని భాగాలు తీసేసి అచ్చేశాడు. తీసేసినవన్నీ కలిపి మనవరాలు 1958లో పూర్తి పుస్తకం తెచ్చింది. కాబట్టి చెదపురుగు గారూ, ఏ కూర్పు అన్నది చూసి కొనండి.

అందులో ఏముందంటే, బీగల్ ఓడ మీద తిరిగిన ఆ అయిదేళ్లలో, ఒడ్డు దిగి లోపలికి వెళ్లేటప్పుడు ఒక్క పుస్తకానికే చోటుంటే ఆయన తీసుకెళ్లినది 'ప్యారడైజ్ లాస్ట్'! అవును, మీ వికృతజీవి చదివినదే. సృష్టి అంతా ఆరు రోజుల్లో అయిందని చెప్పే కావ్యం జేబులో, ఆ కథనే తలకిందులు చేయబోయే రాళ్లూ ఎముకలూ సంచిలో. నవలాకారుడు కల్పిస్తే అతి అంటాం.

రెండోది. జాతులు ఎలా మారతాయో తెలియక ఏడాది పైగా కొట్టుకుంటూ, 1838 అక్టోబరులో మాల్థస్ జనాభా పుస్తకం చదివాడు. ఎందుకు చదివాడంటే, కాలక్షేపానికి. ఆ మాట ఆయనదే. పుట్టేవి ఎక్కువ, తిండి తక్కువ అన్న లెక్క అక్కడ కనపడగానే తన చిక్కుముడి విడిపోయింది. జీవశాస్త్రం వాళ్లనే వరసగా చదువుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో నాకైతే తెలియదు.

మూడోది కొంచెం బాధపెట్టింది. ముసలితనానికి కవిత్వం ఒక్క పాదం కూడా భరించలేకపోయానని, షేక్‌స్పియర్ చదవబోతే వికారం పుట్టిందని రాస్తాడు. మళ్లీ జన్మంటూ ఉంటే వారానికి ఒకసారైనా కాస్త కవిత్వం చదివి, కాస్త సంగీతం వినాలని నియమం పెట్టుకునేవాణ్ణంటాడు. నవలలు మాత్రం చివరిదాకా వదల్లేదు. ఇంట్లోవాళ్లు చదివి వినిపించేవారు. చెడుగా ముగిసే నవలల మీద చట్టం రావాలట! మా ఆవిడ ఎన్నేళ్లుగానో అంటున్నది అదే.

పిల్లకాలువ

'కాలక్షేపానికి' అన్నది చదివి చాలా సంతోషం వేసింది. ఇకమీద ఎవరైనా అడిగితే మాల్థస్ పేరు చెప్తాను.

వెనకబెంచీ

బాబోయ్, ఈ సంభాషణ వల్ల నా కుప్పలో నాలుగు పెరిగాయి. నాకు ఒక రోగం ఉంది, పూర్తి చేయలేను. సగంలో వదిలేసినవి పదకొండు. వాటిని చూస్తుంటే అప్పులవాళ్లలా ఉంటాయి. డానియెల్ పెనాక్ అనే ఫ్రెంచి మాస్టారు 1992లో పాఠకుడి హక్కులు పది రాశాడు. పేజీలు దాటేసే హక్కు రెండోది, పూర్తి చేయకుండా వదిలే హక్కు మూడోది. అది తెలిశాక కొంచెం నయం. మీలో ఎవరైనా వదిలేసి మళ్లీ ఎత్తుకున్నారా?

నీలిసిరా

నాకు వదలడం కాదు, మర్చిపోవడం. పోయినేడు చదివిన నవలలో హీరో పేరు అడిగితే నీళ్లు నములుతాను. పాతకాలపు ఫ్రెంచి వ్యాసకర్త మోంతేన్‌కీ ఇదే జబ్బు. చదివేశానన్న సంగతే మర్చిపోయి, తన గుర్తులతో నిండిన పుస్తకాన్నే కొత్తదనుకుని తెరిచేవాడట. అందుకని పుస్తకం చివర ఎప్పుడు పూర్తిచేశాడో, ఏమనిపించిందో రెండు ముక్కలు రాసి పెట్టుకునేవాడు. ఈ ఏడు నుంచి నేనూ మొదలెట్టాను. నాది ఇంకో గడి ఎక్కువ: 'దీనికి ముందు చదివినది'. ఆన్ ఫ్రాంక్ వెనక అట్టలో 'అతడు–ఆమె తర్వాత' అని రాశాను. పెన్సిల్‌తోనే లెండి, సిరాతో కాదు, నా పేరు చూసి భయపడకండి.

చెదపురుగు

ఈ గడి ఆలోచన బాగుంది. దొంగిలిస్తున్నాను. నావన్నిటికీ 'హోమ్స్ తర్వాత' అని ముద్ర కొట్టించుకోవాలేమో.

మడతపేజీ

మూడు వారాల తర్వాత వచ్చాను. కళ్లజోడు గారు అన్నది వదల్లేదు నన్ను. వికృతజీవి చేతిలో ఒకటి, డార్విన్ జేబులో ఒకటి. ఇక తప్పదని 'ప్యారడైజ్ లాస్ట్' తెచ్చుకున్నాను. 12 కాండలు, పదివేల పైన పాదాలు. 1667లో మొదట అచ్చయినప్పుడు 10 కాండలే, 1674లో రెండింటిని విడగొట్టి 12 చేశారు. మిల్టన్‌కి అప్పటికే చూపు పోయింది. మొత్తం నోటితో చెప్పి రాయించాడు.

నిజం చెప్పనా? కష్టంగా ఉంది. ఒక్కో వాక్యం పది పాదాలు పరుగెడుతుంది, క్రియ ఎక్కడో చివర తగులుతుంది. మన సంస్కృత సమాసాల అలవాటు ఉన్నవాళ్లకి కాస్త తేలికేమో, నాకు ఆ అలవాటూ లేదు. పైకి చదివితే నడుస్తోంది, లోపల చదివితే ఆగిపోతోంది. అందుకని రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని పైకి చదువుతున్నాను. మొదటి కాండ అయింది. సైతాను అగ్నిగుండంలోంచి లేచి తన సేనని పిలుస్తాడు. అతని మీద జాలి పడకూడదని నాకు తెలుసు. కానీ ఆ జీవి 'నేను సైతానుని' అన్న మాట ముందు చదివేశానుగా, అతను నోరు తెరిచినప్పుడల్లా గోడ వెనక దాక్కున్న ఆ మనిషే వినపడుతున్నాడు. ముందు మిల్టన్‌ని చదివినవాళ్లకి ఇలా వినపడదేమో.

కళ్లజోడు

నేనెప్పుడూ చదవలేదు మిల్టన్‌ని, ఆ రోజు అంత ధీమాగా చెప్పాను గానీ. రెండో కాండ ఎప్పుడు మొదలెడతావో చెప్పు. అక్కడి నుంచి కలుస్తాను.

చెదపురుగు

మొదటి కాండ వదిలేసి రెండోదాని నుంచా! కళ్లజోడు గారూ, ఇది అన్యాయం.

వెనకబెంచీ

పేజీలు దాటేసే హక్కు, రెండోది.